ఏడో ఎక్కం

పది గంటలకు లాంచీ కదులుతుందని చెప్పారు గనుక, పది అయ్యేదాకా తాను చేయవలసింది ఏమీ లేదని డేవిడ్ తనకు తాను చెప్పుకున్నాడు. అలా చెప్పుకోవడం అది మూడోసారి. సాగర్ నీళ్ళ మీద ఎండ అప్పటికే తెల్లగా పరుచుకుని ఉంది. రేవు మెట్ల చివర తాళ్ళతో కట్టిన లాంచీ అలకు కొంచెం లేచి, కొంచెం దిగి, పక్కన వేలాడదీసిన పాత టైర్లను గట్టుకు ఒరుసుకుంటూ, నిద్రలో పళ్ళు కొరికే మనిషి చేసే చప్పుడు చేస్తోంది. ఆ చప్పుడు అతనికి బాగా తెలుసు. ఇరవై రెండేళ్ళుగా పక్క గదిలోంచి వింటున్నదే. నిన్నటినుంచి దాన్ని వినే పని నర్సింగమ్మది. షెడ్డు కింద సిమెంటు బెంచీ మీద ఆ కొసన గ్లోరీ, ఈ కొసన తాను. నడుమ ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నామని, కూర్చున్న అరగంటకు గానీ అతను గమనించలేదు. ఎక్కడికి వెళ్ళినా అలాగే కూర్చుంటారు. నడుమ మల్లిక ఉంటుంది. తల ఇటు వాలితే తండ్రి భుజం, అటు వాలితే తల్లి భుజం. వాలే తల ఇవాళ కల్వకుర్తిలో ఉంది. భుజాలు మాత్రం అలవాటు కొద్దీ వచ్చి కూర్చున్నాయి.

కల్వకుర్తి ఇంటిని ఆశ్రమం అనడానికి దాన్ని నడిపే నర్సింగమ్మ ఒప్పుకోదు. ఇల్లే అంటుంది. ఆకుపచ్చ గోడలు, పదకొండు మంచాలు, ప్రతి మంచానికీ ఒక పక్క కర్ర అడ్డు. మంచాల మీద ఉన్నవాళ్ళెవరూ పిల్లలు కారు. నలభై ఏళ్ళు దాటిన మగవాడొకడు డేవిడ్‌ను చూసి "నాయినా" అని పిలిచాడు. తల్లిదండ్రులు పోయినవాళ్ళు కొందరు, తల్లిదండ్రులకు చేతకానివాళ్ళు కొందరు. ఎవరినైనా శాశ్వతంగా తీసుకునే ముందు రెండు రోజులు ఉంచుకుని చూడడం అక్కడి పద్ధతి. ఆ రెండు రోజులూ ఇంటివాళ్ళు ఫోను చేయకూడదు, రాకూడదు. "పిల్ల మీ మొకం కోసం చూసుడు బందయితేనే మా మొకం చూస్తది సార్," అంది నర్సింగమ్మ, నడుముకు కొంగు దోపుకుని, ఏదో విత్తనాల సంగతి చెప్పినంత మామూలుగా. "మీరు గుడ ఇంట్ల కూసోకుండ్రి. యాడికన్న పోండ్రి. ఇంట్ల కూసున్నోల్లు తెల్లారకముందే నా గేటు కాడ ఉంటరు. చానామందిని చూసిన." మొదటిసారి ఆ ఇల్లు చూడడానికి వెళ్ళినప్పటి మాటలివి. ఆ రోజు తిరుగు దారిలో, డిండి కట్ట దాటాక, గ్లోరీ అద్దంలోంచి బయటికి చూస్తూ, "లాంచీల పోదాం," అంది. "సాగర్ నుంచి శ్రీశైలం దాంక. కొండల నడుమ ఫోన్లు పని చెయ్యవంట. తాడు విప్పినంక మల్లి రానీకి గుడ రాదు."

అందులోని తర్కాన్ని అతను వెంటనే గ్రహించాడు, గ్రహించినందుకు సిగ్గుపడ్డాడు కూడా. తమ మీద తమకు నమ్మకం లేదు గనుక తమను కట్టివేయగలిగే నదిని ఒకదాన్ని కిరాయికి తీసుకోవడం అది. ఐదారు గంటలు రెండువైపులా నల్లమల, మధ్యలో ఇంజను చప్పుడు, చేతిలో గాజుముక్కలాంటి ఫోను. ఆ గంటల్లో కల్వకుర్తిలో ఏం జరిగినా వాళ్ళకు తెలియదు. తెలియనిదానికి బాధ్యత ఉండదు. ఉండదా? తరగతిలో పిల్లవాడు లెక్క తప్పు చేసి, ప్రశ్న సరిగ్గా వినబడలేదు సార్ అంటే తాను ఒప్పుకున్నాడా ఎన్నడైనా? దేవరకొండ పక్క ఊళ్ళో ఇరవై ఆరేళ్ళుగా గణితం చెబుతున్నాడు. ప్రశ్న వినకుండా చెవులు మూసుకున్నవాడు జవాబు తెలియనివాడికంటే పెద్ద దోషి అని ఎన్నిసార్లు అన్నాడో. ఆ మాటలన్నీ ఈ నీళ్ళ ఒడ్డున వరసగా వచ్చి నిలబడుతున్నాయి, హాజరు పిలవకముందే వచ్చే పిల్లల్లాగా.

"దర్శనానికా సారూ?" చాయ్ డబ్బా మోస్తూ వచ్చిన బిక్షమ్మ అడిగింది. ఆమె పేరు బిక్షమ్మ అని ఇందాకటినుంచి అందరూ పిలుస్తుంటే తెలిసింది. గ్లోరీ మెడలోని సన్నని సిలువ వైపు చూసి తానే నవ్వింది. "ఓ, మీరు గుడి దిక్కు పోరు గద. మరి గంత దూరం ఏం చూస్తందుకు పోతుండ్రు?"

"నీళ్ళు చూస్తందుకు," అన్నాడు డేవిడ్.

"నీళ్ళు ఈడ లెవ్వా?" రెండు కాగితం కప్పులు నింపి ఇచ్చింది. "పిల్లలేరి? పిల్లలను ఇడిచిపెట్టి కొత్త పెండ్లోల్ల లెక్క ఇద్దరే తిరుగుతుండ్రు, మంచిగున్నది మీ పని!"

"పిల్లలు పెద్దగయిండ్రు అవ్వా," అంది గ్లోరీ. అబద్ధం కాదది. పెద్దపిల్లకు ఇరవై రెండు, చిన్నపిల్లకు పందొమ్మిది. బిక్షమ్మ అవతలి బెంచీ దగ్గరికి వెళ్ళి ఇంకెవరినో ఆటపట్టించడం మొదలుపెట్టింది. ఆమె కేక సన్నగా, పొడుగ్గా, నీళ్ళ మీద చాలా దూరం పోతోంది. చాయ్, చాయ్, అల్లం చాయ్.

నీళ్ళు ఈడ లెవ్వా? ఉన్నాయి. ఈ నీళ్ళు మల్లికవి. డ్యాము గేట్లు ఎత్తిన ఏడాదల్లా నల్లగొండ జిల్లా సగం ఇక్కడికే వచ్చి నిలబడుతుంది, వాళ్ళూ వచ్చేవారు. తుంపర ముఖం మీద పడగానే మల్లిక మెడ నిటారుగా నిలబడేది. డాక్టర్లు కూడా నమ్మలేదు ఆ సంగతి. కుర్చీ పట్టీ లేకుండా, పట్టుకునే చెయ్యి లేకుండా, ఐదారు క్షణాలు ఆమె మెడ ఆమె మాట వినేది. తొమ్మిదేళ్ళప్పుడు నాగార్జునకొండ దాకా లాంచీలో తీసుకుపోయారు. ఇద్దరు పనివాళ్ళు కుర్చీని అటొకరు ఇటొకరు ఎత్తి పలక మీదుగా దాటిస్తుంటే ఆమె గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. పావురం గూట్లో కదిలినట్టుండే శబ్దం. ఆ శబ్దం మళ్ళీ ఇంట్లో విన్నది, పదమూడేళ్ళ తర్వాత, ఎరువుల దుకాణం వాళ్ళు ఇచ్చిన క్యాలెండరు మీద తెల్ల లాంచీ బొమ్మ చూసినప్పుడు. పొద్దున లేపి కూర్చోబెట్టగానే మణికట్టు వెనకవైపుతో ఆ బొమ్మను కొట్టేది. నెల మారినా కాగితం తిప్పనిచ్చేది కాదు. వాళ్ళింట్లో ఇప్పటికీ జూన్ నెలే నడుస్తోంది.

శుక్రవారం సాయంత్రం ఆమె ముందు కూర్చుని అంతా చెప్పాడు. ఆమెకు అబద్ధం చెప్పకూడదని అతని నియమం. తల ఊపలేని మనిషిని మోసం చేయడం మరీ సులువు గనుక ఆ నియమం. "రెండు దినాలు బిడ్డా. కల్వకుర్తిల. నర్సింగమ్మ ఉంటది. సోమారం పొద్దుగాల నేనొచ్చి తీస్కపోత." ఆమె అతన్ని చూడలేదు. క్యాలెండరు వైపు తిరిగి, మణికట్టుతో లాంచీని కొట్టింది, రెండుసార్లు. లాంచీయేనా అని అడుగుతోందనుకున్నాడు. తాము ఎక్కబోయే లాంచీ గురించి ఎలా తెలిసింది ఈ పిల్లకు అని ఆశ్చర్యపడి, నియమం ప్రకారం, "అవును," అన్నాడు. ఆమె గొంతులో పావురం కదిలింది. శనివారం కారులో కూర్చోబెట్టేదాకా కదులుతూనే ఉంది. ఊరు దాటి బండి సాగర్ దారి పట్టకుండా కల్వకుర్తి వైపు మళ్ళినప్పుడు గానీ, తన అవును ఆమె దగ్గరికి ఏ అర్థంతో చేరిందో అతనికి తెలియలేదు. అద్దంలో చూశాడు. ఆమె నోరు మూసుకుని ఉంది. ఎప్పుడూ కొంచెం తెరుచుకుని ఉండే నోరు, అంత గట్టిగా మూసుకుని ఉండడం అతను చూడలేదు. గ్లోరీకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

మరి నిర్ణయం ఎప్పుడు జరిగింది? లాంచీ టికెట్ల కాగితం నింపేటప్పుడు కాదు. పేరు, వయసు, ఆధార్ అని గళ్ళున్నాయి, రెండు వరసలు నింపి మూడో వరస మీద కలం నిలిచిపోతే గ్లోరీ ఆ కాగితాన్ని మెల్లగా లాక్కుని కిటికీలోకి అందించింది. అప్పటికే జరిగిపోయి ఉంది అది. వెనక్కి వెతుక్కుంటూ పోతే ఏ రోజు దగ్గరా నిలబడడం లేదు. అతని తల్లి జంగమ్మ పోయిన రోజా? ఆమె ఉన్నన్నాళ్ళు మల్లికను ఎత్తడానికి ఆరు చేతులుండేవి. కూలి పనిలో కాయలు కాసిన ఆ చేతులే మొదట నేర్చాయి, పిల్ల ఒళ్ళు బిగుసుకున్నప్పుడు ఏ తుంటి కింద చెయ్యి పెడితే వదులవుతుందో. జంగమ్మ పోయాక ఆ విద్య సగమే మిగిలింది. లేక స్నానాల గదిలో గ్లోరీ నడుము పట్టేసిన రోజా? తడి ఒంటితో ఉన్న బిడ్డను కింద పడనివ్వకుండా, తాను లేవలేకుండా, అతను బడినుంచి వచ్చేదాకా రెండు గంటలు అలాగే గోడకానుకుని కూర్చుంది. వచ్చి తలుపు తోసేసరికి ఇద్దరూ చలికి వణుకుతూ నవ్వుతున్నారు. గ్లోరీ ఎందుకు నవ్విందో అతను ఇప్పటిదాకా అడగలేదు. సదరం క్యాంపులో డాక్టరు వైకల్యం తొంభై శాతం అని రాసిన రోజు కూడా గుర్తొస్తుంది. ఆ తొంభై గురించి అందరూ మాట్లాడారు, పింఛను గురించి, బస్సు పాసు గురించి. అతను మాత్రం ఆ పది గురించి ఆలోచిస్తూ ఇంటికొచ్చాడు. మిగిలిన పది శాతం ఏమిటి? అది ఎక్కడుంది? తుంపర తగిలినప్పుడు నిలబడిన మెడలోనా? ఆ పదిని కనుక్కోవడమే తన పని అనుకున్నాడు. కనుక్కున్నాననీ అనుకున్నాడు.

చిన్నపిల్ల స్నేహలత మాట అన్న రోజు ఒకటుంది. మహబూబ్‌నగర్‌లో నర్సింగు చదువుతోంది. సెలవులకు వచ్చి, అక్క గోళ్ళు కత్తిరిస్తూ, తల ఎత్తకుండానే అంది: "నేను పెండ్లి చేసుకోను డాడీ. మీ తర్వాత అక్కను నేనే చూసుకుంట. గంతే." హాజరు పట్టీలో ప్రెజెంట్ అన్నంత తేలిగ్గా. పందొమ్మిదేళ్ళ పిల్ల నోటినుంచి అలాంటి వాక్యం రావడానికి, ఎవరూ ఒక్క మాటా చెప్పకుండానే, ఇంటి గోడలు ఆమెకు ఎన్నేళ్ళనుంచి పాఠం చెబుతూ వచ్చాయో అతనికి ఆ క్షణాన కనబడింది. గ్లోరీ వంటగదిలో గిన్నె తోమడం ఆపేసింది. ఆ వారమే కల్వకుర్తి ఇంటి సంగతి ఎవరినో అడిగారు. ఆ సంగతి తెలిసి స్నేహలత ఫోనులో అరిచింది. లాంచీ సంగతి తెలిశాక అరవలేదు. "అక్క బొమ్మ జూసి చెయ్యి కొట్టుకునే లాంచీల మీరిద్దరే పోతరా?" అని మాత్రం అడిగి, పరీక్షలున్నాయని చెప్పి పెట్టేసింది. ఆమెను విడిపించడానికే ఇదంతా అని ఆమెతో ఎలా చెప్పాలి? చెబితే ఆమె దాన్ని కూడా తన మెడకు వేసుకుంటుంది. ఒక బిడ్డను బరువుగా, ఇంకొక బిడ్డను ఆ బరువు మోసే భుజంగా తూచిన త్రాసు తన చేతిలో ఉంది; దాన్ని కింద పెట్టినా, పెట్టినచోటే తూస్తూ ఉంటుంది.

ఇంకా వెనక ఒకటుంది. దాన్ని అతను తాకడు; తాకకుండా దాని చుట్టూ తిరుగుతాడు, మడుగు చుట్టూ పశువు తిరిగినట్టు. నిరుడు నల్లబల్ల ముందు కళ్ళు మసకలు కమ్మి, సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఒక నిమిషం తనది కాకుండా పోయినప్పుడు, మొదట గుర్తొచ్చింది ప్రాణం కాదు, వయసుల తీసివేత. తాను పోతే గ్లోరీ ఎన్నేళ్ళు, గ్లోరీ తర్వాత మల్లిక ఎన్నేళ్ళు. ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పమని పాస్టరుగారు అడిగితే, ఆరోగ్యం కొరకు అన్నాడు. కళ్ళు మూసుకుని లోపల అడిగింది వేరు. ప్రభువా, మాకంటే ముందు. ఎక్కువ వద్దు, ఒక్క దినం ముందు. అడిగి కళ్ళు తెరిస్తే మల్లిక అతని వైపే చూస్తోంది. నెలలు గడిచాక ఒక పొద్దున, చాయ్ వడపోస్తూ, గ్లోరీ అదే మాట అంది, అవే లెక్కతో: "ఒక్క దినం ముందు పోతే సాలు, మల్లిక డాడీ. గిట్ల అడుగుడు పాపమా?" అతను కప్పు అందుకుని వాకిట్లోకి నడిచాడు. ఇద్దరు మనుషులు ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే బిడ్డ చావును, ప్రేమతో, ఒకే దేవుడి దగ్గర నమోదు చేయించుకున్నారు. ఆ ప్రార్థన ఫలించకపోతే ఎలా అని ఆలోచించుకోవడమే కల్వకుర్తి. నిర్ణయం అంటే అదేనేమో. లేక అదికూడా ఏదో నిర్ణయం తర్వాత వచ్చిన మాటేనా? వెతుకుతున్నవాడికి ప్రతి గదీ అప్పటికే ఖాళీ చేసి పోయినట్టే కనిపిస్తుంది.

గ్లోరీ నీళ్ళ సీసా కోసం సంచీ తెరిచి, సీసా తీయకుండా అలాగే ఉండిపోయింది. తర్వాత ఒక స్టీలు డబ్బాను బయటికి తీసి ఇద్దరి నడుమ ఉన్న చోటులో పెట్టింది. మూత మీద నీలం రంగు పట్టీ. అది మల్లిక డబ్బా. మెత్తగా పిసికిన అన్నం, పప్పుకట్టు, మీద కొంచెం నెయ్యి. పొద్దున ఐదింటికి లేచి, పులిహోర కలిపి, గుడ్లు ఉడకబెట్టి, ఇరవై రెండేళ్ళ ప్రయాణాల అలవాటున, ఇది కూడా పిసికి మూతపెట్టింది. ప్రయాణమంటే ముందు సిద్ధమయ్యేది ఆ డబ్బానే. ఆమె చేతులకు ఎవరూ సంగతి చెప్పినట్టు లేదు.

"ఏం జేద్దాం దీన్ని?" అంది.

"ఉండనీ," అన్నాడు.

ఆ అన్నం తినిపించే పని అతనిది. నాలుగేళ్ళ వయసులో మల్లిక మింగడం మరిచిపోయింది. అన్నం నోట్లో పెట్టుకుని పళ్ళు బిగించి గంటలు కూర్చునేది. పాటలు పాడారు, గవ్వలు చూపించారు, జంగమ్మ దిష్టి తీసింది. ఒకరోజు విసిగిపోయిన డేవిడ్, మరునాటి పాఠం గొణుక్కుంటూ, ఎక్కాలు చదివాడు. రెండుకు ఏమీ లేదు. మూడుకు లేదు. ఆరుకు కూడా లేదు. ఏడొకట్ల ఏడు, ఏడు రెండ్ల పద్నాలుగు, ఏడు మూళ్ళ ఇరవై ఒకటి అనేసరికి దవడ వదులై గుటక పడింది. అప్పటినుంచి పద్దెనిమిదేళ్ళు, పూటకొకసారి, ఏడో ఎక్కం. ఎందుకు ఏడు? దాని గురించి అతనికొక సిద్ధాంతం కూడా ఉంది. ఏడో ఎక్కంలో తర్వాతి మెట్టు ఎప్పుడూ కొంచెం ఊహకు దూరంగా పడుతుంది, ఆ దూరమే ఆమె దవడలో బిగింపును మరిపిస్తుంది, ఆ పది శాతం ఉన్నది అక్కడే. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. తన ఒక్కడి చేతిలోనే తెరుచుకునే తలుపు ఒకటి లోకంలో ఉందని తెలిసి ఉండడం, చెప్పుకోకపోయినా, అతని రోజులన్నిటి కింద నేలలా ఉండేది. మిగతా అంతా పోయినా ఆ నేల ఉంది. నర్సింగమ్మకు గ్లోరీ మూడు కాగితాలు రాసిచ్చింది. ఫిట్స్ మందు ఏ పూట ఎంత, ఏ పక్కకు పడుకోబెట్టాలి, గోరువెచ్చని నీళ్ళు ఎంత వెచ్చగా. కారులో రెండుసార్లు చదివి ఏదీ మరిచిపోలేదని ఇద్దరూ అనుకున్నారు.

పది దాటింది. కౌంటరు మనిషి బయటికి వచ్చి షెడ్డులోని వాళ్ళను వేలితో లెక్కపెట్టి లోపలికి పోయాడు, మళ్ళీ వచ్చాడు. కొత్తకోట నుంచి ఇరవై మంది వ్యాన్లో రావలసి ఉందట. వాళ్ళు వస్తేనే లాంచీ నడిపేంత మంది అవుతారట. పదింబావుకు ఫోను చెవి దగ్గర పెట్టుకునే బయటికి వచ్చాడు.

"కొత్తకోటోల్లు వస్తలేరంట సార్. వ్యాను ఖరాబయిందంట. ఈ పొద్దు లాంచీ లేదు. మీ పైసలు మీకు వాపస్ వస్తయి, ఫికర్ చెయ్యకుండ్రి."

జనం సణిగారు, లేచారు, పిల్లల చెప్పులు వెతుక్కున్నారు. ఎవరో కౌంటరు దగ్గర గొంతు పెంచారు. "నీళ్ళు యాడికి పోవు సారూ, రేపు గుడ ఈన్నే ఉంటయి!" అని బిక్షమ్మ వాళ్ళను నవ్వించబోయింది. లాంచీ మాత్రం తాళ్ళకు అలాగే ఊగుతూ పళ్ళు కొరుకుతోంది. షెడ్డు ఖాళీ అయ్యింది. వాళ్ళిద్దరూ లేవలేదు. కారు తాళం అతని జేబులో ఉంది. ఇక్కడినుంచి కల్వకుర్తికి రెండున్నర గంటల దారి. చేతులు కట్టుకోవడానికి తెచ్చుకున్న తాడు తెగిపోయింది, చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఇప్పుడు ఎవరో ఒకరు అనవలసిన మాట ఒకటే ఉంది, పోయి తెచ్చుకుందాం అని. గ్లోరీ అంటుందని అతను ఎదురుచూశాడు. ఆమె కూడా ఎదురుచూస్తోందని ఆమె మెడ పట్టేసిన తీరులో తెలిసింది. నిమిషాలు గడిచాయి. నీళ్ళ మీద ఒక తెల్లకొంగ దిగింది, లేచింది. "ఇప్పటికి నాగార్జునకొండ దాటుతుంటిమి," అంది గ్లోరీ చివరికి. అతను ఊఁ అన్నాడు. అప్పుడు తెలిసింది. తమకు కావలసింది లాంచీ కాదు. మల్లిక లేని ఒక బెంచీ. ఎండ, చాయ్, ఎవరినీ ఎత్తవలసిన పని లేని ఒక పూట. అది దొరికింది. దొరికిన దాని రుచి నోట్లో ఇసుకలా ఉన్నా, ఉమ్మేయాలని లేదు.

ఫోను మోగింది. కల్వకుర్తి. సిగ్నలు నాలుగు గీతలూ నిండుగా ఉన్నాయి. గ్లోరీ వినడానికి వీలుగా స్పీకరు నొక్కి, నడుమ డబ్బా పక్కన పెట్టాడు.

"సార్, నేను నర్సింగమ్మను. ఫోను చెయ్యద్దని నేనే అన్న, మల్ల నేనే చేస్తున్న. ఏం అనుకోకుండ్రి. నా చేతులు అన్నం మీద ఉన్నయి, స్పీకర్ పెట్టిన. పిల్ల రాత్రి నుంచి ఒక్క మెతుకు మింగుత లేదు. ఏడుస్త లేదు, మంచిగనే చూస్తాంది, గని పండ్లు బిగపట్టుకుంటాంది. మందు గుడ అట్లనే ఉన్నది నోట్ల. మీరు ఒకపారి వస్తరా, లేకుంటే ఈ పొద్దు గుడ చూడమంటరా? మీరే చెప్పుండ్రి."

మీరే చెప్పుండ్రి. ఇన్నాళ్ళు వెనక్కి వెళ్ళి వెతికిన గది తలుపు, ఇదిగో, ముందు తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు, అతనే ఉన్నాడు. గ్లోరీ కళ్ళు డబ్బా మీద ఉన్నాయి. అతను తన గొంతు విన్నాడు, పాఠం చెప్పే గొంతు, తొణకని గొంతు.

"రాలేమమ్మా. మేం లాంచీల ఉన్నం. నీళ్ళ నడుమ ఉన్నం."

సరిగ్గా అప్పుడే షెడ్డు వెనకనుంచి బిక్షమ్మ కేక వచ్చింది, సన్నగా, పొడుగ్గా. చాయ్, అల్లం చాయ్. ఆ కేక ఫోనులోకి కూడా పోయే ఉంటుంది. "సరే సార్," అంది నర్సింగమ్మ, ఎందరితోనో అలా అన్నదానిలా. "పైలంగ పోయి రాండ్రి." ఆ మాటకు వెనక, దగ్గరలోనే, ఇంకొక చప్పుడు. గూట్లో పావురం కదిలినట్టు. తర్వాత మంచం కర్రకు మణికట్టు తగిలిన చప్పుడు, రెండుసార్లు. లాంచీ అన్న మాట మల్లిక విన్నది. ఏ లాంచీలో ఎవరెవరు ఉన్నారో ఆమెకు ఇప్పుడు తెలుసు. గ్లోరీ చెయ్యి నోటికి అడ్డం పోయింది.

ఏదో ఒకటి ఇవ్వాలి ఆమెకు, ఇప్పుడే, ఈ తీగ తెగకముందే. అతని దగ్గర ఉన్నది ఒక్కటే. "నర్సింగమ్మా, కాగితంల రాయలే. ఎక్కం చదువుకుంట పెట్టాలె. ఏడో ఎక్కం. ఏడు మూళ్ళ కాడ మింగుతది."

"ఎక్కమా?" నర్సింగమ్మ నవ్వింది. "ఏడోది నాకేడ వస్తది సార్? నేను చదివింది రెండో తరగతి. ఐదు దాంకనే వచ్చు."

"ఐదు కాదు," అన్నాడు. "ఏడే చదవాలె. నేను చెప్త, నా ఎనక..."

"మీ గొంతు వద్దు సార్, మల్ల మీ కోసమే చూస్తది. ఉండుండ్రి." చెయ్యి కడుగుతున్నట్టు, కుర్చీ జరుపుతున్నట్టు చప్పుళ్ళు. తర్వాత ఆమె గొంతు, బడి గుమ్మంలో నిలబడ్డ చిన్నపిల్ల రాగంతో: "ఐదొకట్ల ఐదు. ఐదు రెండ్ల పది. ఐదు మూళ్ళ పదిహేను..."

పదిహేను తర్వాత చిన్న ఖాళీ. ఆ ఖాళీలో అతను ఏమి కోరుకున్నాడో అతనికి తెలుసు, అది ఎవరికీ చెప్పుకోగలిగినది కాదు.

"మింగింది సార్! ఇగో, మింగింది. మల్ల నోరు తెరుస్తాంది."

గ్లోరీ కళ్ళు మూసుకుంది. నీలం పట్టీ మూతను, బిగించే ఉన్నదాన్ని, ఇంకోసారి బిగించింది. "గిన్నేండ్లు ఏడే ఎందుకు చదివినవు, మల్లిక డాడీ?" అని మెల్లగా అడిగింది, అందులో నింద లేదు, నిజంగానే తెలుసుకోవాలనుకున్నట్టు అడిగింది. ఫోనులో ఐదు పదుల యాభై అయిపోయి, నర్సింగమ్మ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. డేవిడ్ ముందుకు వంగి, ఇరవై ఆరేళ్ళ అలవాటున, ఎక్కడైనా తప్పు పోతుందేమోనని వింటూ కూర్చున్నాడు. ఒక్కచోట కూడా పోలేదు.